కిలో పోటీని తీసేయకపోతే క్రిస్ హోయ్ ఇంతటివాడు అయ్యేవాడా?

సన్నటైరు (చర్చ ప్రారంభం)

గడిచిన ఆదివారం పాత ఒలింపిక్స్ పోటీలను మళ్లీ చూస్తూ 2004 ఏథెన్స్ క్రీడల్లోని పురుషుల ట్రాక్ సైక్లింగ్ కిలోమీటరు టైమ్ ట్రయల్ దగ్గర ఆగిపోయాను. కిలో అని పిలిచే ఈ పోటీలో ఒక్కొక్కరే గడియారంతో పోటీపడుతూ కిలోమీటరు తొక్కుతారు. చివరి నలుగురిలో ఒక్కొక్కరూ తమ ముందువాడిని కిందికి నెడుతూ పోయారు. ఆస్ట్రేలియాకు చెందిన షేన్ కెల్లీ 1 నిమిషం 1.224 సెకన్లలో ముగించాడు. జర్మనీకి చెందిన స్టెఫాన్ నిమ్కే 1 నిమిషం 1.186 సెకన్లతో అతడిని దాటాడు. తర్వాత ఫ్రాన్స్ వీరుడు ఆర్నో టూర్నాన్ వచ్చి ఏకంగా 1 నిమిషం 0.896 సెకన్లు నమోదు చేశాడు. అందరికంటే చివర, అప్పటి ప్రపంచ విజేత హోదాలో బరిలోకి వచ్చిన స్కాట్లాండ్ యువకుడు క్రిస్ హోయ్ 1 నిమిషం 0.711 సెకన్లలో ముగించి బంగారు పతకం అందుకున్నాడు. అది అతడి మొదటి ఒలింపిక్ స్వర్ణం.

ఏడాది తిరగకముందే, 2005లో, మట్టి దిబ్బల మీద తొక్కే సైకిలు పందెం బీఎంఎక్స్‌కు చోటు కల్పించడం కోసం అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం కిలో పోటీని ఒలింపిక్స్ జాబితా నుంచి తొలగించింది. హోయ్‌కు అప్పటికి 29 ఏళ్లు. ఏ పోటీలో ప్రపంచానికి మేటి అయ్యాడో ఆ పోటీయే లేకుండా పోయింది. అయినా అతడు స్ప్రింట్, కీరిన్ అనే వేరే ట్రాక్ పోటీలకు మళ్లాడు. చివరికి అతడి ఖాతాలో ఆరు ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం, పదకొండు ప్రపంచ టైటిళ్లు చేరాయి. కిలో ఉండి ఉంటే 2008 బీజింగ్‌లో దానినే మరోసారి గెలిచి, ముగ్గురు జట్టుగా తొక్కే టీమ్ స్ప్రింట్‌తో కలిపి రెండు మూడు స్వర్ణాలతో విశ్రాంతి తీసుకొనేవాడని నా అనుమానం. మీరేమంటారు?

నిడుబ్రోలు_నాగలి

నాకు ఈ క్రీడ గురించి ఏమీ తెలియదు కనుక ముందుగా క్షమించండి. మీరు చెప్పిన వీడియో చూశాను. ఒక మనిషి ఒంటరిగా నిమిషం పాటు సైకిలు తొక్కాడు, జనం లేచి నిలబడ్డారు. పక్కన పోటీదారు లేనప్పుడు అందులో అంత ఉత్కంఠ ఎక్కడ ఉంది? పైగా ఆ సైకిలుకు బ్రేకులు కూడా కనిపించలేదు.

చక్రధారి

నాగలి గారూ, మీకు కనిపించకపోవడం కాదు, నిజంగానే లేవు. ట్రాక్ సైకిలుకు బ్రేకులు ఉండవు, గేరు మార్చే వీలు ఉండదు, ఫ్రీవీలు కూడా ఉండదు. మన ఇంటి సైకిలు మీద పల్లంలోకి దిగుతున్నప్పుడు కాళ్లు ఆపి కూర్చుంటే టికటికమని చప్పుడు చేస్తూ చక్రం తనంతట తాను తిరుగుతుంది కదా, ఆ సుఖం ఇక్కడ లేదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతుంది, పెడలు తిరిగినంతసేపూ కాలు తిరగవలసిందే. ఒకే గేరు కాబట్టి, అరవై కిలోమీటర్లు దాటిన వేగంలో సరిపోయే బరువైన గేరును కదలకుండా నిలబడిన స్థితి నుంచి కూడా అదే కాలితో లాగాలి.

మొదలయ్యే తీరును ఒకసారి దగ్గరగా చూడండి. వెనక చక్రాన్ని ఒక గేటు బిగించి పట్టుకొని ఉంటుంది. గడియారం వెనక్కి లెక్కపెడుతుంది, చివరి సెకన్లకు ఒక్కో కూత వినిపిస్తుంది. హోయ్ సీటు మీద నుంచి లేచి, నడుమును వెనక్కి లాగి, గేటు పట్టు వదిలే క్షణానికి ఒంటి బరువునంతా ముందుకు విసురుతాడు. తొందరపడితే గేటు ఇంకా పట్టుకొనే ఉంటుంది, విసిరిన బరువు వృథా అవుతుంది. ఆలస్యమైతే సెకనులో పదో వంతు అక్కడే పోతుంది. ఏథెన్స్‌లో అతడు టూర్నాన్‌ను ఓడించిన తేడా 0.185 సెకన్లు మాత్రమేనని గుర్తుంచుకుంటే ఆ గేటు దగ్గరి ఉత్కంఠ మీకు అర్థమవుతుంది.

తర్వాత 250 మీటర్ల ట్రాకు మీద నాలుగు చుట్లు. రెండో చుట్టుకు వేగం గరిష్ఠానికి చేరుతుంది. మూడో చుట్టు నుంచి తొడల్లో మంట మొదలవుతుంది. నాలుగో చుట్టులో ఎవరూ వేగం పెంచలేరు, ఎవరు తక్కువ నెమ్మదిస్తారన్నదే అసలు పోటీ. గీత దాటాక కూడా కాళ్లు ఆపే వీలు లేదు, ఎందుకంటే సైకిలు ఆపనివ్వదు.

పాతబస్తీ_పెడల్

సన్నటైరు గారి వాదన మొదటి సగం వరకు ఒప్పుకుంటాను గానీ, 2005లో తలుపు మూసుకోగానే హోయ్ మరో తలుపు తట్టాడన్నట్లు చెప్పడం సరి కాదు. ఒలింపిక్స్ నుంచి తీసేసినా ప్రపంచ పోటీల్లో కిలో కొనసాగింది, 2006లోనూ 2007లోనూ అతడే గెలిచాడు. అంతటితో ఆగలేదు. 2007 మే నెలలో బొలీవియాలోని లా పాజ్ వెళ్లి, సముద్రమట్టానికి మూడు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆరుబయట ట్రాకు మీద ప్రపంచ రికార్డుకు ప్రయత్నించాడు. అక్కడ గాలి సాంద్రత సముద్రతీరంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. ఎదురుగాలిని చీల్చడానికి పోయే శక్తి ఆ మేరకు మిగులుతుంది, కానీ ఊపిరికి అందే ప్రాణవాయువు కూడా అదే లెక్కన తగ్గుతుంది. నిమిషం లోపు ముగిసే పోటీ కనుక లాభమే ఎక్కువ.

అదే ట్రాకు మీద 2001లో టూర్నాన్ నెలకొల్పిన రికార్డు 58.875 సెకన్లు. హోయ్ నమోదు చేసినది 58.880. సెకనులో వెయ్యో వంతులు ఐదు. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. సగటున సెకనుకు 17 మీటర్ల వేగం అనుకుంటే ఆ ఐదు వెయ్యో వంతులు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అవుతాయి, అంటే నా చూపుడు వేలి పొడవుకు కాస్త ఎక్కువ. అయితే అదే పర్యటనలో ముందే వేగం అందుకొని మొదలుపెట్టే 500 మీటర్ల ప్రపంచ రికార్డును 24.758 సెకన్లతో సాధించాడు. ఒలింపిక్స్‌లో విలువ లేని పోటీ కోసం ఖండాలు దాటి వెళ్లినవాడు కిలోను వదిలేశాడని ఎలా అనగలం?

తెనాలి_పాఠకుడు

మీరంతా వ్యక్తిని చూస్తున్నారు, నేను వ్యవస్థను చూస్తున్నాను. హోయ్ 1976లో ఎడిన్‌బరోలో పుట్టాడు. అతడు నేర్చుకున్న మెడోబ్యాంక్ వెలోడ్రోమ్, అంటే సైకిలు పందేల ప్రాంగణం, 1970 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన, పైకప్పు లేని చెక్క ట్రాకు. వాన పడితే ఆనాటికి సాధన లేనట్లే. ఎడిన్‌బరో వాన సంగతి తెలిసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

1994లో మాంచెస్టర్‌లో పైకప్పున్న వెలోడ్రోమ్ వచ్చింది. 1990ల చివరి నుంచి జాతీయ లాటరీ సొమ్ము క్రీడాకారులకు జీతంలా అందసాగింది. 2000 సిడ్నీలో జేసన్ క్వీలీ కిలో స్వర్ణం గెలిచాడు, అతడితోనూ క్రెయిగ్ మెక్లీన్‌తోనూ కలిసి హోయ్ టీమ్ స్ప్రింట్‌లో రజతం తెచ్చాడు. అప్పటి నుంచి సైకిలు చట్రం, చక్రం, దుస్తుల గుడ్డ, ఆహారం, నిద్ర దేనినీ లెక్కకు అందకుండా వదలని పద్ధతి ఒకటి అక్కడ వేళ్లూనుకుంది. పోటీ పోయినా ఆ పద్ధతి పోలేదు. ఇదే మనిషి అలాంటి ఆసరా లేని దేశంలో ఉంటే 29 ఏళ్లకు ఇంటికి వెళ్లి ఉద్యోగం వెతుక్కొనేవాడు.

సన్నటైరు

పాఠకుడు గారూ, వ్యవస్థ బ్రిటన్‌లోని అందరికీ ఉంది కదా. కిలో వీరులు మిగతా దేశాల్లోనూ ఉన్నారు. వారిలో ఎంతమంది స్ప్రింట్ రాజులయ్యారు? నా ప్రశ్న అక్కడే ఉంది.

విశాఖ_వేగం

సన్నటైరు గారి ప్రశ్నకు సమాధానం పోటీల స్వభావంలోనే దొరుకుతుందని నాకు అనిపిస్తోంది. కాస్త విపులంగా రాస్తాను, ఓపిక పట్టండి.

కిలోలో ప్రత్యర్థి గడియారం. అందులో ఎత్తుగడ ఉండదు, మనసును అదుపులో పెట్టుకోవడమే ఉంటుంది. బ్రిటిష్ జట్టుతో పనిచేసిన మానసిక వైద్యుడు స్టీవ్ పీటర్స్, నీకంటే ముందు తొక్కినవాడు ప్రపంచ రికార్డు సృష్టిస్తే నువ్వేం చేస్తావని ఏథెన్స్‌కు ముందే హోయ్‌ను అడిగాడు. ఆ పరిస్థితిని హోయ్ మనసులో పదే పదే తొక్కి చూసుకున్నాడు. అందుకే కెల్లీ, నిమ్కే, టూర్నాన్ వరుసగా విరుచుకుపడినప్పుడు అతడికి అది కొత్తగా అనిపించలేదు.

కీరిన్ అలా కాదు. అది 1948లో జపాన్‌లోని కొకురాలో పందెపు క్రీడగా పుట్టి 2000లో ఒలింపిక్స్‌కు చేరింది. ముందు ఒక చిన్న మోటారు బండి నడుస్తుంది, దాని వెనక ఆరేడుగురు వరుస కడతారు. హోయ్ రోజుల్లో మొత్తం ఎనిమిది చుట్లు ఉండేవి, ఇంకా రెండున్నర చుట్లు మిగిలి ఉండగా బండి పక్కకు తప్పుకొనేది. అప్పటి వరకు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో భుజాలు రాసుకుంటూ తిరిగినవారంతా ఒక్కసారిగా విడిపోతారు. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకున్నవాడు ఆ నీడలో శక్తి దాచుకొని చివరి మలుపులో దూకుతాడు. ఇక స్ప్రింట్‌లో ఇద్దరే ఉంటారు. ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఒక్కోసారి సైకిలు మీద కదలకుండా నిలబడిపోతారు. కోడిపందెంలో పుంజులు రెండూ మెడ చాచి ఆగే క్షణం గుర్తుకు వస్తుంది నాకు.

ఈ రెండింటిలోనూ చిన్నప్పటి నుంచి ఆరితేరినవారితో పోటీపడి, ఎత్తుకు పైఎత్తు వేసి గెలవడం ముప్పై ఏళ్లవాడికి కష్టం. హోయ్ ఆ దారికి పోలేదు. కీరిన్‌లో బండి తప్పుకోగానే తానే ముందుకు వచ్చి, అంత దూరం నుంచే పూర్తి వేగం అందుకొని, మిగతావారు దాటాలంటే తనకంటే ఎక్కువ సేపు గాలిని చీల్చవలసిన స్థితిలోకి వారిని నెట్టేవాడు. రెండు చుట్లు పూర్తి వేగంతో పోవడం మామూలు స్ప్రింటరుకు ప్రాణాంతకం, నాలుగు చుట్ల కిలో తొక్కినవాడికి అది సగం పనే. అతడు కిలోను వదల్లేదు. కీరిన్ లోపలికి మోసుకుపోయాడు.

పాతబస్తీ_పెడల్

వేగం గారూ, ఈ చివరి మాటతో నా అభ్యంతరం తీరిపోయింది. ఒక్క సవరణ చేస్తాను. 2008 మాంచెస్టర్ ప్రపంచ పోటీల్లో స్ప్రింట్ టైటిల్ కూడా గెలిచాడు. 1954లో రెజ్ హారిస్ తర్వాత ఏ బ్రిటిష్ పురుషుడికీ అది దక్కలేదు. అక్కడ ఎత్తుగడ లేకుండా కేవలం కాళ్ల బలంతో గెలిచాడంటే నేను నమ్మను.

చక్రధారి

ఆ ఏడాది ఆగస్టులో బీజింగ్ అంకెలు కూడా ఇక్కడ ఉంటే మంచిది. జేమీ స్టాఫ్, జేసన్ కెన్నీలతో టీమ్ స్ప్రింట్ ఫైనల్‌ను 43.128 సెకన్లలో ముగించి ఫ్రాన్స్‌ను ఓడించాడు, తర్వాత కీరిన్ గెలిచాడు. స్ప్రింట్ అర్హత పరుగులో 200 మీటర్లను 9.815 సెకన్లలో దాటి, ఫైనల్‌లో తన జట్టు కుర్రవాడు కెన్నీనే వరుసగా రెండు పరుగుల్లో ఓడించాడు. ఒకే ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన బ్రిటిష్ క్రీడాకారుడు అంతకు ముందు ఎవరంటే 1908 నాటి ఈతగాడు హెన్రీ టేలర్ దాకా వెళ్లాలి. 2009 నూతన సంవత్సర సత్కారాల్లో నైట్ బిరుదు కూడా వచ్చింది.

తెనాలి_పాఠకుడు

ఒక విచిత్రం ఎవరూ ప్రస్తావించలేదు. కిలోను పక్కకు నెట్టి ఒలింపిక్స్‌లోకి వచ్చిన బీఎంఎక్స్ హోయ్‌కు పరాయిది కాదు. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు అతడు తొక్కినది అదే, తన వయసు పిల్లల్లో ఐరోపా స్థాయిలో పేరు తెచ్చుకున్నది కూడా అందులోనే. బీజింగ్ జట్టులో మొదటి చుట్టు తొక్కిన జేమీ స్టాఫ్ అయితే బీఎంఎక్స్‌లో మాజీ ప్రపంచ విజేత. గేటు తెరుచుకోగానే దూసుకుపోవడం ఇద్దరికీ ఆ మట్టి దిబ్బల మీద అబ్బిన విద్య. పెంచిన పెరటిచెట్టే గోడను పడగొట్టినట్లయింది.

ద్వారకా_సెక్టార్

ఉద్యోగరీత్యా ఢిల్లీలో ఉన్న నేను 2010 కామన్వెల్త్ క్రీడల్లో ఇందిరా గాంధీ ప్రాంగణంలోని కొత్త వెలోడ్రోమ్‌కు హోయ్ కోసమే టికెట్టు కొన్నాను. తీరా చూస్తే అతడు రాలేదు. లండన్ ఒలింపిక్స్ అర్హతకు లెక్కలోకి వచ్చే ఐరోపా పోటీలు దగ్గరలో ఉండడంతో ఢిల్లీని వదులుకున్నాడు. మొదట కోపం వచ్చింది గానీ లోపల కూర్చున్న పది నిమిషాలకు మరిచిపోయాను.

టీవీలో తెలియనిది ఒకటి ఉంది. ఆ ట్రాకు మలుపుల్లో గోడలా లేచి నిలబడి ఉంటుంది. సైకిలు దూరంగా ఉన్నప్పుడు ఏమీ వినపడదు. మన ముందుకు వచ్చేసరికి చెక్క పలకల కింద నుంచి ఉరుము దొర్లినట్లు ఒక గుడగుడ పుట్టి కుర్చీలోకి ఎక్కి, మనిషి దాటిపోగానే తెగిపోతుంది. కామన్వెల్త్‌లో కిలో ఇంకా ఉంది కనుక దానినీ చూశాను, ఆస్ట్రేలియాకు చెందిన స్కాట్ సండర్లాండ్ గెలిచాడు. మహిళల్లో అదే దేశపు అన్నా మీర్స్ మూడు స్వర్ణాలు ఎత్తుకుపోయింది. తర్వాతి కాలంలో అదే ట్రాకు మీద సాధన చేసిన మన కుర్రవాళ్లు ఎసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ 2019 జూనియర్ ప్రపంచ పోటీల్లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచినప్పుడు నాకు ఆ గుడగుడే చెవిలో వినిపించింది.

నిడుబ్రోలు_నాగలి

లండన్ 2012లో ఒక జట్టు సభ్యుడు కావాలనే కింద పడ్డాడని చదివాను. అలా గెలిచిన స్వర్ణాన్ని హోయ్ లెక్కలో వేయవచ్చా?

విశాఖ_వేగం

టీమ్ స్ప్రింట్ అర్హత పరుగులో, జర్మనీలో పుట్టి పెరిగిన ఫిలిప్ హైండ్స్ ఆరంభం సరిగా పడక మొదటి మలుపులోనే పడిపోయాడు. నిబంధన ప్రకారం మళ్లీ మొదలుపెట్టనిచ్చారు. పునఃప్రారంభం కోసమే పడ్డానని తర్వాత అతడు విలేకరులతో అన్నాడు, భాషా లోపం వల్ల అపార్థమైందని జట్టు సర్ది చెప్పింది, ఫలితం మాత్రం నిలిచింది. నా దృష్టిలో అది నిబంధనలోని లొసుగు, అందంగా లేదు. కానీ ఫైనల్‌లో ఎవరూ పడలేదు. హైండ్స్, కెన్నీ, హోయ్ కలిసి 42.600 సెకన్ల ప్రపంచ రికార్డుతో ఫ్రాన్స్‌ను ఓడించారు.

స్ప్రింట్ సంగతి ఇంకా బాధాకరం. బీజింగ్‌లో దేశానికి ఇద్దరిని అనుమతించారు, లండన్ నాటికి ఒక్కరికే పరిమితం చేశారు. అంతకు ముందు మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో కెన్నీకి రజతం, హోయ్‌కు కాంస్యం వచ్చాయి. కెన్నీకే అవకాశం ఇచ్చారు, అతడు స్వర్ణం తెచ్చి ఆ నిర్ణయాన్ని నిలబెట్టాడు. ఆరంభోత్సవంలో దేశపు జెండా పట్టుకున్న మనిషి తన టైటిల్‌ను కాపాడుకొనే బరిలోకి దిగకుండానే చూస్తూ కూర్చున్నాడు.

చక్రధారి

అందుకే ఆ ఆగస్టు 7 నాటి కీరిన్ ఫైనల్ నాకు ఏథెన్స్ కంటే ఎక్కువ ఇష్టం. 36 ఏళ్ల వయసు. ఎప్పటిలాగే ముందుకు వచ్చాడు. చివరి చుట్టులో జర్మనీకి చెందిన మాక్సిమిలియన్ లెవీ పక్కనుంచి వచ్చి అతడిని దాటేశాడు. ముందుండి గెలిచేవాడిని ఒకసారి దాటితే కథ అయిపోయినట్లే, ఎందుకంటే అప్పటికే కాళ్లు ఖాళీ అయి ఉంటాయి. కానీ చివరి మలుపులో హోయ్ భుజాలు మరో రెండుసార్లు ఊగాయి, లెవీ ఆధిక్యం అంగుళం అంగుళంగా కరిగింది, సరళరేఖలోకి వచ్చేసరికి హోయ్ ముందున్నాడు. ఆ వెనక మూడో స్థానాన్ని ఇద్దరు సమానంగా పంచుకోవలసి వచ్చింది. అది ఆరో స్వర్ణం, పడవ పందేల స్టీవ్ రెడ్‌గ్రేవ్ ఐదింటిని దాటిన స్వర్ణం. కిలోలో ఉత్కంఠ ఎక్కడ ఉందని నాగలి గారు అడిగారు కదా, నాలుగో చుట్టు అంటే ఏమిటో అక్కడ చూడవచ్చు.

పాతబస్తీ_పెడల్

తర్వాత కెన్నీ ఏడు స్వర్ణాలతో అతడినీ దాటాడనే మాట ఎలాగూ వస్తుంది కనుక నేనే చెప్పేస్తున్నాను. దాటాడు. దానిపై వేరే చర్చ పెట్టుకుందాం.

సన్నటైరు

అలాగే. 2013లో విరమణ తర్వాత హోయ్ 2016లో లె మాన్స్ 24 గంటల కారు పందెం తొక్కాడు, క్షమించాలి, నడిపాడు. గ్లాస్గో వెలోడ్రోమ్ అతడి పేరు మోస్తోంది. 2024 అక్టోబరులో తనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందనీ, నయం కాదనీ, వైద్యులు రెండు నుంచి నాలుగేళ్లని చెప్పారనీ వెల్లడించాడు. భుజం నొప్పి అని వెళితే బయటపడిన జబ్బు అది. తండ్రికీ తాతకూ అదే జబ్బు వచ్చింది కనుక, కుటుంబంలో ఉన్నవారు ముందుగానే పరీక్ష చేయించుకోవాలని అప్పటి నుంచి చెబుతూనే ఉన్నాడు. మన వేదికలో నలభై అయిదు దాటిన మగవారు చాలామంది ఉన్నారు కాబట్టి విషయం తప్పినా ఈ వాక్యం రాస్తున్నాను.

నా మొదటి ప్రశ్నకు వస్తే, వేగం గారి జవాబుతో నా అనుమానం తలకిందులైంది. కిలో పోవడం వల్ల అతడు మారాడనుకున్నాను. మారనిదేదో ఇప్పుడు కనిపిస్తోంది.

నిడుబ్రోలు_నాగలి

నిన్న ఉదయం కాలువ గట్టు మీద కిలోమీటరు రాయి దగ్గర నిలబడి మా పెద్దవాడి చేతికి గడియారం ఇచ్చాను. గేటు లేదు కనుక వెనక చక్రాన్ని చిన్నవాడు పట్టుకున్నాడు. వాడు వదలడం ఆలస్యం చేశాడు, ఆ సంగతి పక్కన పెడదాం. నిమిషం అయిందని పెద్దవాడు అరిచేసరికి నేను ఇంకా వంతెన కూడా దాటలేదు. రెండో రాయి చేరడానికి 2 నిమిషాల 24 సెకన్లు పట్టింది. నా సైకిలుకు ఫ్రీవీలు ఉంది కాబట్టి చివరి యాభై మీటర్లు కాళ్లు ఆపేశాను. చక్రధారి గారూ, హోయ్ లెక్కలో అది చెల్లదని తెలుసు. ఫ్రీవీలు లేని ఫిక్స్‌డ్ చక్రం పాత సైకిలుకు బిగించవచ్చా, లేక చట్రమే మార్చాలా?